చిక్కడపల్లిలో ఏడేళ్లు: బస్తీ దవాఖానా, ఐపీఎం, లైబ్రరీ

మేముండేది చిక్కడపల్లి వెనక గల్లీల్లో, అద్దె ఇంట్లో. అత్తయ్యకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మామయ్యకు సాయంత్రమైతే ఇంట్లో కాలు నిలవదు. అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. అందుకని ఈ చుట్టుపక్కల ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో దొరికే సేవల్లో చాలావాటిని మా ఇంట్లో ఎవరో ఒకరు ఏళ్ల తరబడి వాడుతున్నారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు వీటి గురించి నన్ను అడుగుతూనే ఉంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు బస్తీ దవాఖానా, అంటే ప్రభుత్వం బస్తీల్లో నడిపే చిన్న ఉచిత ఆసుపత్రి. హైదరాబాద్‌లో ఇవి 2018లో మొదలయ్యాయి. రెండు గదుల్లో ఏం వైద్యం చేస్తారులే అని మొదట నేను అటు వెళ్లలేదు. అత్తయ్య మందుల ఖర్చు నెలకు రెండు వేలు దాటాక ఒకరోజు తీసుకెళ్లాను. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. సిబ్బంది అంతే. కానీ ఆ డాక్టరమ్మ పాత చీటీలన్నీ తిరగేసి, ఒకే బీపీ మందును అత్తయ్య రెండు వేరువేరు పేర్లతో వేసుకుంటున్నారని పట్టుకున్నారు. పొద్దున్నే లేవగానే కళ్లు తిరగడం అప్పటి నుంచి తగ్గింది. ఆ ఒక్క పనికే నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను.

మందుల కంటే పెద్ద మేలు పరీక్షలు. రక్తం అక్కడే తీసి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే ప్రభుత్వ సంస్థ)లోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి పంపిస్తారు. రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. మొదట 57 రకాల పరీక్షలుండేవి, తర్వాత 134కి పెంచారు. థైరాయిడ్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు అన్నీ ఉచితమే. అత్తయ్యకు నరం ఒక పట్టాన దొరకదు. నర్సమ్మ ముందు ఆమె చెయ్యిని తన రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబడేదాకా రుద్దుతుంది. "పిడికిలి బిగించండమ్మా, ఇటు చూడకండి" అంటూనే సూది దించుతుంది. ఊదా మూత గొట్టంలోది మూడు నెలల సగటు షుగరుకు, బూడిదరంగు మూతది ఆ పూట షుగరుకు అని ఆమే నాకు నేర్పింది. పరగడుపున వెళ్లాలి కాబట్టి నేను డబ్బాలో ఇడ్లీ పెట్టుకుని వెళతాను. రక్తం ఇవ్వగానే అక్కడి బెంచీ మీదే అత్తయ్యతో తినిపిస్తాను.

ఇబ్బందులూ చెప్పాలి. నెలాఖరుకు షుగరు మాత్రలు ఒక్కోసారి అయిపోతాయి. అందుకే పది రోజుల మందు మిగిలి ఉండగానే వెళ్లడం అలవాటు చేసుకున్నాం. మధ్యలో కొన్నాళ్లు వేరే పేటలో ఉన్నప్పుడు, అక్కడి దవాఖానాలో మా ఫోన్ నంబరు ఒక అంకె తప్పుగా ఎక్కించారు. అత్తయ్య రిపోర్టు ఎవరికి పోయిందో తెలియక వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి రక్తం మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి నుంచి నంబరు రాసుకునేటప్పుడు నేను పక్కనే నిలబడి, ఒక్కో అంకె పైకి చదివిస్తాను. మీరూ అలాగే చేయండి.

ఐపీఎం గురించి ఇంకో మాట. మా కింది వాటాలో ఉండే పిల్లాడిని రెండేళ్ల క్రితం వీధి కుక్క పిక్క మీద కరిచింది. వాళ్లమ్మ కంగారులో పసుపు అద్దబోతుంటే ఆపి, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాను. ఆటో ఎక్కి నేరుగా ఐపీఎంకి వెళ్లాం. కుక్క కాటు సూది అక్కడ ఎప్పటి నుంచో వేస్తున్నారు. మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని చీటీ మీద తేదీలు రాసిచ్చారు. నొప్పి తగ్గింది కదా అని ఆ తల్లి చివరి సూది మానేయబోయింది. నేను ఊరుకోలేదు, వెంటబడి తీసుకెళ్లాను. ఈ విషయంలో ఎవరు బద్ధకించినా నాకు కోపం వస్తుంది.

ఇక సిటీ సెంట్రల్ లైబ్రరీ. మా అబ్బాయి నాలుగేళ్లుగా అక్కడే చదువుతున్నాడు. నోటిఫికేషన్ పడిందంటే కుర్చీ దొరకడం కష్టం. గేటు తీయకముందే బ్యాగులు వరుసలో ఉంటాయి. ఫ్యాన్ కింద చోటు కావాలంటే తెల్లారగానే బయల్దేరాలి. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో సర్దుకునే పిల్లలకు అదే ఇల్లు. మధ్యాహ్నం 5 రూపాయల భోజనం తిని మళ్లీ పుస్తకం ముందు కూర్చుంటారు. ఇంట్లో చదవలేని మా వాడు అక్కడ ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటాడు. తోటివాళ్లను చూస్తే చదవాలనిపిస్తుందట.

మామయ్యకు త్యాగరాయ గానసభ. కచేరీ, పుస్తకావిష్కరణ, హరికథ, ఏదో ఒకటి ఉంటుంది. చాలావాటికి టికెట్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్నా అక్కడికి అంటే మాత్రం నడుస్తారు.

చెత్త ఆటో పొద్దున్నే వస్తుంది, తడి పొడి వేరు చేసి ఇస్తే పని ఇట్టే అయిపోతుంది. మంచినీళ్లు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. కాకపోతే పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. అద్దెకు దిగేముందే ఇంటి ఓనరును ఈ రెండూ అడగండి. నీళ్ల ఫిర్యాదుకు జలమండలి నంబరు 155313. ఫిర్యాదు సంఖ్య రాసి పెట్టుకుంటే రెండోసారి ఫోన్ చేసినప్పుడు మొదటి నుంచి చెప్పుకునే పని ఉండదు.

నాకు తీరని కోరిక ఒకటి ఉంది. దవాఖానా సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. మా ఇంట్లో పనిచేసే ఆమె అయిదిళ్లు ముగించుకుని బయటపడేసరికి అయిదు దాటుతుంది. ఆమెకూ షుగరే. పూట పని మానుకుంటే జీతం కోస్తారని, గల్లీ చివర క్లినిక్‌లో మూడు వందలు ఇచ్చి చూపించుకుంటోంది. వారానికి రెండు రోజులైనా దవాఖానా రాత్రి ఎనిమిది దాకా తీసి ఉంచితే ఆమెలాంటి వాళ్లు మా వీధిలోనే పదిమంది వెళతారు. వార్డు ఆఫీసులో ఈ మాట రాసిచ్చాను. వచ్చే నెల మళ్లీ వెళతాను.