మేడ మీది పనికి ఏ వెల్డింగ్ మిషన్? ఆరేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు కె.ఆర్. పురంలో మా మేడ మీదున్న మొక్కల స్టాండ్లు, షేడ్ నెట్ పందిరి, నీళ్ల ట్యాంకు కింది ఇనుప చట్రం అన్నీ నేను అతికినవే. 2019లో మొదలుపెట్టి ఇప్పటికి రెండు ఇన్వర్టర్ మిషన్లు (పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం కన్నా తేలికైన వెల్డింగ్ మిషన్లు) వాడాను. మొదటిది ఏడాదిన్నరకు పోయింది. రెండోది నాలుగేళ్లకు పైగా నిక్షేపంగా పనిచేస్తోంది. రెండింటి అట్టపెట్టెల మీదా ఉన్న అంకె ఒకటే: 200 ఆంపియర్లు. ఆ అంకె చూసి మిషన్ కొనకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటిది తక్కువ ధరకు వచ్చిందని కొన్నాను. కరిగి అతుకు వేసే రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది, పది నిమిషాలకొకసారి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) పడిపోయేది. తప్పు నా చేతిలో ఉందనుకుని నెలల తరబడి అభ్యాసం చేశాను. మా వీధి చివర గేట్లు చేసే మేస్త్రిది మదనపల్లె. ఒకరోజు ఆయన్ను పిలిచి చూపించాను. ఆయన మిషన్‌ను వెనక్కి తిప్పి, “అమ్మా, అట్ట మీద రాసింది వదిలేయండి, ఈ రేకు మీద రాసింది చదవండి” అన్నారు. రేకు మీద 200 అని తప్ప ఇంకేమీ లేదు. “శాతం రాయలేదంటే చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదనే అర్థం” అన్నారు.

ఆ శాతమే డ్యూటీ సైకిల్. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా అతకవచ్చో అది చెబుతుంది. నా రెండో మిషన్ రేకు మీద 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం, 124 దగ్గర 100 శాతం అని ఉంది. అంటే 160లో ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి; 124లో విరామమే అక్కర్లేదు. ఈ లెక్క 40 డిగ్రీల గాలికి కట్టింది. ఏప్రిల్ ఎండలో మేడ మీద నేరుగా పెడితే మిషన్ పెట్టె అంతకన్నా వేడెక్కుతుంది, అందుకే నేను దాన్ని ఎప్పుడూ నీడలోనే ఉంచుతాను.

ఇక ఇంటి కరెంటు సంగతి. కొనేవాళ్లు అన్నిటికన్నా తక్కువగా ఆలోచించేది దీని గురించే. రాడ్డు వెల్డింగులో ఆర్క్ (రాడ్డుకీ ఇనుముకీ మధ్య వెలిగే మెరుపు) వోల్టేజికి ఒక ప్రామాణిక సూత్రం ఉంది: ఆంపియర్లను 0.04తో గుణించి 20 కలపాలి. 200 ఆంపియర్లకు 28 వోల్టులు, అంటే 5,600 వాట్లు. మిషన్‌లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కూడా కలిపితే గోడ నుంచి లాగేది ఇంకా చాలా ఎక్కువ. మన ఇళ్లలో పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది ఇవ్వగలిగింది 3,680 వోల్ట్ ఆంపియర్లు. నేను లెక్కవేసుకుంటే ఆ సాకెట్ నుంచి నిజంగా దొరికేది 90 నుంచి 100 ఆంపియర్ల వెల్డింగ్. మిషన్ మీద ఎంత రాసినా సరే, అంతకు మించి ఇంట్లో రాదు. అదృష్టవశాత్తు ఇంటి పనికి అది చాలు. 2.5 మిల్లీమీటర్ల రాడ్డును నేను 70 నుంచి 85 మధ్య వాడతాను. 3.15 రాడ్డు జోలికి ఈ ఆరేళ్లలో వెళ్లింది రెండు మూడు సార్లే.

మా ఇంటికి మంజూరైన లోడు 3 కిలోవాట్లు. అందుకే అతికేటప్పుడు గీజరు, నీళ్ల మోటారు ఆపేస్తాం. మేడ మీది సాకెట్‌కు అసలు ఎర్త్ తీగే లేదని ఎలక్ట్రీషియన్ వచ్చాకే తెలిసింది. ఆయనతో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేరుగా లాగించి, ఆన్ చేయగానే ఒక్క క్షణం ఎగసే కరెంటుకు పడిపోకుండా ఉండే సి రకం ఎంసీబీ పెట్టించాను. మిషన్ కొనే ముందే చేయించవలసిన పని ఇది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ కూడా వోల్టేజిని కాజేస్తుంది: 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 20 మీటర్లుంటే, నిండు లోడు మీద దాదాపు 8 వోల్టులు దారిలోనే పోతాయి. దాన్ని చుట్టగా ఉంచి వాడితే లోపలి పొరలు వేడెక్కి కరుగుతాయి. పూర్తిగా విప్పి పరచండి.

రెండో మిషన్ ఎస్.పి. రోడ్డులో కొన్నాను. దుకాణంలో నేను అడిగింది మూడే: ఆ రేకు చూపించమన్నాను, బాగు చేసే చోటు ఈ ఊళ్లో ఉందా అన్నాను, మిషన్‌తో ఇచ్చే వెల్డింగ్ తీగ చివర కత్తితో కొంచెం గీకి చూపించమన్నాను. పైన రాగి రంగులో ఉండి లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. మొదటి మిషన్‌తో వచ్చింది అలాంటిదే, పట్టుకుంటే చేయి కాలేంత వేడెక్కేది. ఇప్పుడు 25 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగ, బరువైన ఎర్త్ క్లాంపు (అతికే ఇనుముకు తగిలించే పట్టు) వాడుతున్నాను. ఆ రెండూ మార్చాక ఆర్క్ ఎంత నిలకడగా వచ్చిందో చూసి నిజంగా సంతోషం కలిగింది. క్లాంపు పట్టే చోట రంగు, తుప్పు గోకడం మాత్రం మరవకూడదు.

స్క్వేర్ పైపు కొత్తవాళ్లను బాగా ఏడిపిస్తుంది. చవకగా దొరికే 1.2 మిల్లీమీటర్ల పైపుకు 2.5 రాడ్డు పెడితే చిల్లు పడుతుంది. దానికి 2 మిల్లీమీటర్ల ఇ6013 రకం రాడ్డు, 45 నుంచి 50 ఆంపియర్లు, రాడ్డు పట్టుకునే హోల్డర్ తీగను మైనస్‌కు మార్చడం నాకు కుదిరాయి. ఒకేసారి గీత లాగకుండా చుక్కలు చుక్కలుగా అతికి, ఒక్కో చుక్క ఎరుపు తగ్గాక పక్క చుక్క వేస్తాను. నేర్చుకునేటప్పుడు 2 మిల్లీమీటర్ల మందం పైపు కొనండి, కిలోల లెక్కన కొంచెం ఖర్చయినా ఆ అతుకుల్లోనే చేయి కుదురుతుంది. అతుకు మీద గట్టిపడిన చిట్టెం, సుత్తి తగలగానే పెచ్చుగా లేచి వస్తే అతుకు సరిగ్గా పడిందనడానికి మంచి గుర్తు. జింకు పూత పైపు మాత్రం పూత గోకకుండా అతకవద్దు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

మిషన్‌లో మిగిల్చిన డబ్బు హెల్మెట్‌కు పెట్టండి. మొదటి ఏడాది మా మేనల్లుడు పక్కన నిలబడి అద్దం లేకుండా చూశాడు. అప్పుడు ఏమీ అనిపించలేదు. రాత్రి పదింటికి కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడ్చాడు, ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులకు తగ్గింది గాని, ఆ రాత్రిని నేను మరచిపోలేదు. అప్పటి నుంచి ఇంట్లో రెండు హెల్మెట్లు, రెండోది చూసేవాళ్ల కోసం. దానంతట అదే నల్లబడే అద్దంలో నలుపు స్థాయి, అంటే షేడ్, 10 లేదా 11 పెడతాను. నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, పక్కన ఒక బకెట్ ఇసుక ఉండాలి.

మొదటి మిషన్ చచ్చిపోయాక విప్పిస్తే లోపల సర్క్యూట్ బోర్డు మీద గ్రైండర్ నుంచి వచ్చిన ఇనుప పొడి పొరలా పేరుకుని ఉంది. ఫ్యాన్ ఆ పొడిని లోపలికి లాగుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు కోత పని మేడకు అవతలి మూలన, మిషన్‌కు బట్ట కప్పి చేస్తాను. మూడు నెలలకొకసారి ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి, బ్లోయరుతో గాలి కొడతాను. వానాకాలంలో రాడ్లు మూత బిగించిన డబ్బాలో ఉంటాయి. ఈ నాలుగేళ్లలో మార్చింది ఒక్క ఫ్యాన్.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ మొండిది, పాడయ్యేదీ తక్కువే; కాని దాన్ని మెట్లెక్కించడం ఒక్కరి వల్ల కాదు. రాడ్డుకు బదులు సన్నని తీగతో, గాలి తగలకుండా గ్యాసు చల్లుతూ అతికే మిగ్ మిషన్ గురించి చాలామంది అడుగుతారు. పలుచని రేకుకు అది హాయిగా ఉంటుంది, నేర్చుకోవడమూ తేలిక. మా మేడ మీద మాత్రం గాలికి గ్యాసు చెదిరిపోయి అతుకులో బుడగలు పడతాయి. కింద షెడ్డు వేసుకున్న రోజున అది కొంటాను.