లింకన్ కాంటినెంటలా, కాడిలాక్ డెవిలా? అరవైల కన్వర్టిబుల్ కొనేముందు

రెండూ పాత అమెరికన్ కన్వర్టిబుల్ కార్లే, అంటే టాప్ (పైకప్పు) మడిచి దించుకోగలిగేవి. రెండూ రిస్టోర్ చేసి (కొత్తవాటిలా బాగుచేసి) మెరుస్తున్నాయనుకోండి, ఏది కొనాలి?

అందం: లింకన్‌కు (1961-67) నాలుగు తలుపులు, అవీ ఎదురెదురుగా తెరుచుకుంటాయి. కాడిలాక్‌కు రెండే.

ధర: లింకనే ఎక్కువ. 1967లో తయారైన కన్వర్టిబుల్స్ 2,276 మాత్రమే మరి.

టాప్: అసలు తలనొప్పి ఇక్కడే. లింకన్‌లో బటన్ నొక్కితే డిక్కీ మూత వెనక్కి లేచి, టాప్ మడుచుకుని అందులోకి దిగిపోతుంది, చూడ్డానికి మ్యాజిక్కే కానీ దాని వెనక బోలెడు మోటార్లు, రిలేలు, స్విచ్‌లు, హైడ్రాలిక్ గొట్టాలు ఉంటాయి, ఒక్కటి మొరాయించినా టాప్ సగంలో ఆగి వాన మొదలవుతుంది. పైగా టాప్ దించితే డిక్కీలో సామాన్లకు చోటుండదు. డెవిల్ టాప్ మామూలు హైడ్రాలిక్, అంతే.

తుప్పు: లింకన్‌కు విడి ఫ్రేమ్ లేదు, బాడీయే ఆధారం. కింద తుప్పు పడితే ఖర్చు మామూలుగా ఉండదు, పెయింట్ చూసి మురిసిపోకుండా జాకీ మీద లేపి చూడండి. కాడిలాక్‌కు ఫ్రేమ్ వేరు, కాస్త నయం.

బ్రేకులు: లింకన్ అయితే 1965ది లేదా ఆ తర్వాతదే కొనండి, ఆ ఏడాది నుంచే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులొచ్చాయి.

వారాంతాల్లో టెన్షన్ లేకుండా తిరగాలంటే డెవిల్. ఎలక్ట్రికల్ పని తెలిసిన మెకానిక్, ఓపిక, డబ్బు మూడూ ఉంటే లింకన్. నేనైతే డెవిలే, కానీ ఆ తలుపులు చూస్తే మనసు ఊరుకోదు.