పదహారేళ్లు విన్న ఒగ్గు బృందం, ట్రాక్ పెట్టుకున్నాక

మల్లన్న, ఎల్లమ్మ కథలు పాడిచెప్పే ఈ ఒగ్గుకథ బృందం పేరు రాయను. మా దిక్కు అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే, రేపు పండుగలో మొహం చూసుకోవాలి. కానీ నేను ఒకట్రెండు వీడియోలు చూసి మాట్లాడుతున్నవాణ్ణి కాను. 2008లో మా మేనమామ ఇంట్లో మల్లన్న పట్నం (రంగుల ముగ్గు వేసి చేసే పూజ) వేయించినప్పుడు తొలిసారి విన్నా. ఆ తర్వాత బీరప్ప పండుగలు, ఎల్లమ్మ పండుగలు, సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాలు... ఎక్కడుంటే అక్కడికి పోయి కూర్చున్నా. 2010లో నోకియా ఫోన్లో పట్టుకున్న నలభై నిమిషాల ఎల్లమ్మ కథ ముక్క, నాలుగు ఫోన్లు మారినా, ఇప్పటికీ నా దగ్గరుంది.

అప్పట్లో ఆరుగురు వచ్చేవాళ్లు. చేతిలో ఒగ్గుతో (చిన్న డమరుకం) కథ చెప్పే పూజారి, పక్కన వంత పాడేటాయన, రెండు డోళ్లు, తాళాలు, ఒక నపీర (సన్నాయి లాంటి ఊదే వాద్యం). మైకు ఉంటే ఉండేది, లేకపోతే లేదు.

ఆ రికార్డింగులో ఒకచోట నేను ఎన్నిసార్లు ఆగిపోయానో లెక్కలేదు. జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి ఎల్లమ్మ మీదికి గొడ్డలి ఎత్తే ఘట్టం. పూజారి గొంతు పైకి పోయి టక్కున ఆగుతుంది. ఎవరో ముసలామె ముక్కు చీదిన చప్పుడు. వంతాయన మెల్లగా "ఎత్తిండా?" అని అడుగుతాడు. పూజారి పలకడు. డోలు ఒక్కటే, ఎక్కడో దూరంగా ఉన్నట్టు, అడపాదడపా తట్టుతూ ఉంటుంది. "ఎత్తిండా అయ్యా?" అని మళ్లీ. అప్పుడు గానీ కథ కదలదు. ఆ ముసలామె తేరుకునే దాకా ఆయన ఆగాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఇప్పుడు నలుగురు వస్తున్నారు. ఒక డోలు, ఒక ప్యాడు, కీబోర్డు, పూజారి. మిగతాదంతా ముందే రికార్డు చేసిన ట్రాక్, పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. నపీరాయన ఎటు పోయాడో అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. వంత లేడు. "ఆహా", "అవునా" అనేవి కూడా ముందే రికార్డు చేసి పెట్టారు, అది కూడా పూజారి గొంతే. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకున్నట్టుంటుంది వింటుంటే.

కీబోర్డు మీద నాకు పగ లేదు. చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథను వాకిట్లోంచి రేడియోకూ వేదిక మీదికీ తీసుకపోయినప్పుడు అదీ మార్పే కదా, ఆ మార్పు వల్లే నాలాంటోళ్లకు ఒగ్గు మీద మోజు పుట్టింది. బోనాల్లో పదిమంది ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి డోలు కొట్టే విన్యాసం చూసి ఈలలు వేసినవాణ్ణే నేను. నా బాధ ట్రాక్ గురించే. ట్రాక్ ఆగదు. పోయిన ఏడాది ఎల్లమ్మ పండుగలో అదే గొడ్డలి ఘట్టం వచ్చింది. ముందు వరుసలో ఒక పిల్ల భయపడి ఏడుపు అందుకుంది. పూజారి అలవాటుకొద్దీ ఆగాడు. వెనకాల ట్రాక్ మాత్రం దడదడ కొట్టుకుంటూ ముందుకు పోయింది. పాపం, రెండు చరణాలు మింగేసి పరుగెత్తి దాన్ని అందుకున్నాడు. కథ మొత్తం గంటా పది నిమిషాల్లో అయిపోయింది.

వీళ్లు యూట్యూబ్‌లో పెట్టిన పాటల్లో ఒకటి మాత్రం బాగుంది, మల్లన్న భార్య గొల్ల కేతమ్మ మీది పాట. దాంట్లో డోలు నిజమైనదే, తోలు మీద పుల్ల పడ్డ చప్పుడు తెలిసిపోతుంది. మిగతావి పెళ్లి బరాత్‌లో డీజే పెట్టుకోవడానికి సరిపోతాయి, అంతకుమించి చెప్పను.

ఇప్పటి బృందానికి ఐదు మార్కులకు ఎంతంటే రెండున్నర. ఆ సగం కూడా పూజారి గొంతుకే, అరవై దాటినా ఇంకా చెక్కుచెదరలేదు.

మొన్న ఆ పూజారి కలిసినప్పుడు ఉండబట్టలేక అడిగా. "పెద్దయ్యా, వచ్చే మాఘంలో మా ఇంట్ల పట్నం ఉంది. ట్రాక్ లేకుండ, వంతాయనను తోలుకొని, తెల్లారేదాకా చెప్తవా?" అని.

ఆయన నవ్వాడు. "నేను చెప్తనే ఉంట గని బిడ్డా, తెల్లారేదాక కూసునేటోళ్లు ఎంతమంది?"

ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా లెక్కేశాం. మా అమ్మతో కలిపి తొమ్మిదిమంది తేలారు. అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. కుర్చీలు తెప్పిస్తానని పెద్దయ్యకు ఫోన్ చేసి చెప్పా.