బీరువా దొరకని యాప్: ఐదేళ్లు వాడాక

మా ఆయనది బదిలీల ఉద్యోగం. ఐదేళ్లలో విజయవాడ, విశాఖ, ఇప్పుడు కూకట్‌పల్లి. ఊరు మారిన ప్రతిసారీ సగం సామాను అమ్మడం, కొత్త ఊళ్లో దిగాక మళ్లీ కొనడం, అంతా ఫోన్‌లో ఉన్న ఒక్క సెకండ్ హ్యాండ్ యాప్‌తోనే నడిచింది. దాని పేరు చెప్పను. లెక్క మాత్రం డైరీలో ఉంది: అమ్మినవి 23, కొన్నవి 11. ఐదుకి మూడు మార్కులు వేస్తాను.

ఆ మూడు ఊరికే వేయలేదు. ఫొటో తీసి, ధర వేసి పెట్టేయడానికి రెండు నిమిషాలు చాలు. పైగా ధర రాసే గడి కిందే, మన ఏరియాలో అలాంటి వస్తువులు ఎంతకి ఉన్నాయో చూపిస్తుంది. మా పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టిన మంచాన్ని 12,000కి పెడదామనుకున్నాను. చుట్టుపక్కల మంచాలన్నీ నాలుగైదు వేలకే ఉన్నాయని చూసి, మనసు చంపుకుని 5,500 వేశా. రెండో రోజుకే పోయింది. మా అమ్మకి ఇప్పటికీ 9,000 అనే చెప్పాను.

ఫోన్ నంబరు దాచుకునే సౌకర్యం మధ్యలో ఎప్పుడో వచ్చింది. అది రాకముందు రాత్రి పదకొండింటికి ఫోన్లు. "సోఫా ఉందా మేడమ్" అన్నవాళ్ల కన్నా "భోజనం అయిందా మేడమ్" అన్నవాళ్లే ఎక్కువ. ఆడపేరు కనిపిస్తే అంతే. ఇప్పుడు చాట్‌లో మాట కుదిరాకే నంబరు ఇస్తున్నా.

ఇక వెతకడం సంగతి. విజయవాడలో ఒక బీరువా కోసం మూడు వారాలు వెతికాను. బీరువా అంటే మనకి ఇనుపది, తలుపుకి అద్దం, లోపల లాకరు. ఆ యాప్‌కి మాత్రం తలుపులున్న ప్రతిదీ వార్డ్‌రోబే. అమ్మేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు బి పక్కన రెండు ఈలు పెడతారు, ఒకరు ఒక్క ఐతో సరిపెడతారు, ఇంకొకరు అల్మరా అంటారు. ఒకాయన కంపెనీ ఏదైనా సరే గోద్రెజ్ అనే రాశాడు. ఒక స్పెల్లింగ్ కొడితే రెండోది రాదు. తెలుగులో టైపు చేస్తే ఏమీ లేవంటుంది. చివరికి నా బీరువా ఎక్కడ దొరికిందో తెలుసా? ఎవరో కుట్టు మిషన్ అమ్మకానికి పెట్టారు, ఆ ఫొటోలో మిషన్ వెనకాల సగం కనిపించింది. "అక్కా, ఆ వెనకాలది కూడా ఇస్తారా?" అని అడిగా. "తీసుకెళ్లమ్మా, మేమూ ఖాళీ చేస్తున్నాం" అంది.

భాష తెలుగుకి మార్చి చూశాను. బటన్లు మారాయి, వెతుకులాట మారలేదు. మారిన బటన్లలో ఒకటి 'ఆఫర్ తయారుచేయండి'. బేరం అన్న మాట ఆ ఆఫీసులో ఎవరికీ తట్టినట్టు లేదు.

నాకు అన్నిటికన్నా చిరాకు పుట్టించింది వివరణ రాసే చోటు. విశాఖలో వాషింగ్ మెషీన్ అమ్మకానికి పెట్టినప్పుడు కంపెనీ, ఎన్ని కిలోలది, ఏ సంవత్సరంలో కొన్నామో రాసి, 'తిరిగేటప్పుడు డ్రమ్ము దగ్గర గరగరమని శబ్దం వస్తుంది' అని కూడా రాశాను. ఒకబ్బాయి గాజువాక నుంచి మధురవాడ దాకా ట్రాలీ ఆటో మాట్లాడుకుని, వాళ్లమ్మని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. స్విచ్ వేశాం. గరగర మొదలైంది. "ముందే చెప్పొచ్చు కదండీ" అంది వాళ్లమ్మ. "రాశానండీ" అన్నాను. అతను ఫోన్ తీసి చూపించాడు. రెండు లైన్లు కనిపిస్తున్నాయి, కింద బూడిదరంగులో 'ఇంకా' అని ఉంది. నా గరగర ఆ 'ఇంకా' వెనకాల ఉంది. ఎవరిని అంటాం? టీ ఇచ్చి, ఆటో ఖర్చు కింద 700 తగ్గిస్తే తీసుకెళ్లారు.

అప్పటినుంచి ఒక పని చేస్తున్నా. వస్తువులో ఏం బాగోలేదో తెల్లకాగితం మీద స్కెచ్ పెన్‌తో రాసి, వస్తువుకే అతికించి, అదే మొదటి ఫొటోగా పెడుతున్నా. అడిగేవాళ్లు తగ్గారు కానీ వచ్చినవాళ్లు వెనక్కి పోవడం లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కుక్కర్‌ని చేత్తో కొట్టి, మూత తిప్పి చూశాకే బేరం మొదలవుతుంది. ఆ కొట్టి చూసే వీలు ఫోన్‌లో లేనప్పుడు, 'దీంట్లో లోపం ఏంటి' అని యాప్ అమ్మేవాళ్లని ముందే అడగాలి కదా. ఐదేళ్లుగా అడగలేదు.

దూరం కూడా అంతే. గీత గీసినట్టు లెక్కేస్తుంది. హుస్సేన్ సాగర్‌కి ఈ ఒడ్డున ఉన్నవాళ్లకి ఆ ఒడ్డున ఉన్న సోఫా రెండు కిలోమీటర్లే అంటుంది, నీళ్ల మీద నడిచి వెళ్లాలన్నట్టు.

కొనేటప్పుడు నేనైతే కొంచెం గట్టిగానే ఉంటాను. మా వాడికి పాత ఫోన్ కొన్నప్పుడు అమ్మే కుర్రాడి ముందే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) చూసి, కేవైఎం అని రాసి ఆ నంబరుతో, ఫోన్ అసలుదో కాదో చెప్పే ప్రభుత్వ నంబరు 14422కి ఎస్సెమ్మెస్ పంపా. అది ఏ కంపెనీ, ఏ మోడలో జవాబొచ్చాకే డబ్బులిచ్చా. ఈ పని యాప్‌లో ఒక్క బటన్‌తో అయిపోవాల్సింది.

మోసాల సంగతికొస్తే, మా అత్తయ్య పాత మిక్సీ పెట్టినప్పుడు ఒకడు "నేను ఆర్మీలో చేస్తున్నా, డబ్బు ఇప్పుడే వేస్తా, మా తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు" అంటూ ఒక క్యూఆర్ బొమ్మ పంపాడు. ఆవిడ నా ఫోన్‌తో స్కాన్ చేసి, పిన్ కొట్టబోతూ నన్ను పిలిచి అడిగింది కాబట్టి సరిపోయింది. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. మనిషికీ మనిషికీ మధ్య యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులని 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది కానీ, ఈ క్యూఆర్ ఆట ఆగలేదు. యాప్‌లో హెచ్చరిక లేదా అంటే ఉంది. ప్రతి చాట్ పైనా అదే పసుపు పట్టీ. ఐదేళ్లు చూసి చూసి నా కళ్లు దాన్ని దాటేస్తున్నాయి. ఆ బొమ్మ వచ్చిన క్షణాన కదా అది అడ్డం పడాల్సింది!

అసలు దెబ్బ స్కూటీతో తగిలింది. విశాఖ వదిలేముందు అమ్మేశాను. 'అమ్ముడైంది' అని నొక్కగానే తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి, యాప్ వరకు కథ అయిపోయింది. రెండు నెలల తర్వాత నా పేరున చలానా. ఫొటోలో నా స్కూటీ, మీద ముగ్గురు, ఒక్కరికీ హెల్మెట్ లేదు. కొన్నతను పేరు మార్పించుకోలేదు. దానికి ఫారం 29, 30 అని ఉంటాయనీ, ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలనీ నాకు అప్పుడే తెలిసింది. మూడు చలానాలు కట్టాను. బండి కేటగిరీలో పెట్టిన వస్తువుకి అమ్ముడైందని నొక్కినప్పుడు, ఆ రంగు కాగితాల బదులు ఈ రెండు ఫారాల పేర్లు చూపించి ఉంటే నా డబ్బులు మిగిలేవి.

కూకట్‌పల్లి ఇంట్లో గోడకే అల్మరాలున్నాయి. అందుకని మొన్న ఆదివారం ఆ బీరువానే అమ్మకానికి పెట్టాను, టైటిల్‌లో నాలుగు స్పెల్లింగులూ కలిపి. కింద అర పట్టదని కాగితం కూడా అంటించా. నిన్న ఒకతను "ఉందా?" అని పెట్టాడు. "ఉందండీ" అన్నా. ఇంతవరకు పలుకు లేదు.