కేయూ క్రాస్‌రోడ్డు దగ్గరి డీటీపీ సెంటర్: నా పీతల ప్రాజెక్టు అక్కడే తయారైంది

పేరు రాయను. హన్మకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు దగ్గర రెండు జిరాక్స్ మెషిన్లు, మూడు కంప్యూటర్లు ఉన్న చిన్న షాపు. థీసిస్‌లు, స్పైరల్ బైండింగులు వీళ్ల అసలు పని. నేను మాత్రం రీసెర్చ్ గ్రాంటుకు ప్రపోజల్ చేయించుకోవడానికి వెళ్లాను.

నేను జువాలజీ లెక్చరర్‌ని. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో దొరికే మండపీత పిల్లలు ఏ జాతివో డీఎన్‌ఏతో తేల్చాలన్నది నా ప్రాజెక్టు. సముద్రం లేని జిల్లాలో ఉండి ఇదేం పిచ్చి అని మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ నవ్వుతారు. మండపీతల పేర్ల గందరగోళం చాలా పాతది. 1998లో గానీ వాటిని నాలుగు జాతులుగా విడదీయలేదు. పెద్దగా పెరిగేది స్కిల్లా సెర్రాటా, అంత పెరగనిది ఒలివేసియా. పిల్లలుగా ఉన్నప్పుడు చూపుతో తేడా పట్టడం కష్టం. చెరువులో వేసుకునే రైతుకు తేడా తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి.

షాపు ఓనరన్న టైప్ చేస్తూ చేస్తూ ఆగి, "ఎండ్రకాయలకు గూడ గవర్నమెంటు పైసలిస్తదా మేడం?" అన్నాడు. ఇస్తుందన్నాను. 2024లో పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ పోయి దాని స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) వచ్చిందని, ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారని చెప్పాను. అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచే రావాలి. పీత పిల్లల మీద డబ్బు పెట్టే కంపెనీ ఏదో నాకైతే తోచలేదు.

ఆయన మెచ్చుకోదగ్గ మనిషి అని బడ్జెట్ పేజీ దగ్గర అర్థమైంది. ప్రాజెక్టులో పనిచేసే జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000 చొప్పున ఏడాదికి 4,44,000 అని నా లెక్క సరిచూశాడు. తర్వాత ట్రావెల్ కాలమ్ మీద వేలు పెట్టి, "రైలు రాసిన్రు, బస్సు రాసిన్రు, పడవ కిరాయి యాడుంది? మడ అడవిల నడిచిపోతరా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మూడు వారాలు కూర్చుని రాసిన బడ్జెట్‌లో పడవే లేదు! రోజుకు 2,500 అనుకుని 24 రోజులకు 60,000 అక్కడికక్కడే కలిపాం. కోరింగ అభయారణ్యం కాబట్టి ఫారెస్టు పర్మిషన్ కావాలన్న సంగతి మాత్రం నేనే గుర్తుపెట్టుకుని రాశాను.

ఇక తప్పులు. శాస్త్రీయ నామాలకు ఇటాలిక్స్ పెట్టమని ముందే చెప్పినా సగం చోట్ల పెట్టలేదు. అది చిన్నదే. పోర్టల్ తీసుకునే సైజుకు రావాలని పీడీఎఫ్‌ను ఎంత కుదించాడంటే, నా ముఖ్యమైన ఫొటో పాడైపోయింది. సెర్రాటాకు డెక్క మణికట్టు బయటివైపు రెండు పదునైన ముళ్లుంటాయి, ఒలివేసియాకు ఒకటే, అదీ మొద్దుగా. కుదించాక రెండు ముళ్లూ కలిసిపోయి ఒకటే గడ్డలా కనిపించింది. అంటే నా సెర్రాటా నా ప్రపోజల్‌లోనే ఒలివేసియా అయిపోయింది! ప్రింటు తీసి చూస్తేగానీ నాకే తెలియలేదు. ఆఖరి రోజు సాయంత్రం, పైగా కరెంటు పోయి వచ్చింది, ఆ టెన్షన్ అడగొద్దు. గొడవ పెట్టుకుంటే ఆయన మారు మాట్లాడకుండా ఆ ఒక్క ఫొటోను పెద్దగా ఉంచి మిగతావి తగ్గించాడు. ఆ పని మొదటే చేయొచ్చు కదా.

మొత్తం బిల్లు 780 రూపాయలు. రెండోసారి తీసిన ప్రింట్లకు డబ్బులు తీసుకోలేదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్ల రోజుల్లో మాత్రం వెళ్లకండి, పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులతో మెట్ల దాకా జనమే. పొద్దున పది లోపల వెళితే ఓనరన్నే కూర్చుంటాడు, మధ్యాహ్నం కూర్చునే కుర్రాడికి లెక్కల పేజీ ఇవ్వకండి.