లావు నవల ఒకటా, సన్న నవలలు మూడా: తర్వాత ఏది చదవాలి?

ఈ మధ్య చదివినవాటిలో రెండు పుస్తకాలు నన్ను ఇంకా వదల్లేదు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. ఇప్పుడు నా బల్ల మీద ఒక పక్క ‘వేయిపడగలు’ ఒక్కటే ఉంది. రెండో పక్క ‘అల్పజీవి’, ‘అసమర్థుని జీవయాత్ర’, ‘మైదానం’. ముందు ఎటు చెయ్యి చాపాలా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను.

సన్న నవల బలం ఏమిటో కేశవరెడ్డి పుస్తకం చూపించింది. కథంతా ఒక్క రాత్రి. తప్పిపోయిన సూడి పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు, అంతే. పుస్తకం పట్టుకున్నవాణ్ణి మధ్యలో లేచి మంచినీళ్లు కూడా తాగలేదు. లేస్తే ఆ చీకటి చెదిరిపోతుందేమోనని భయం. కథలో ఎంత సేపు గడిచిందో దాదాపు అంత సేపట్లో చదివేస్తున్నట్టు అనిపించే ఇలాంటి అనుభవం వెయ్యి పేజీల పుస్తకంతో కుదరదు.

పైగా సన్న పుస్తకం నచ్చకపోయినా పోయేది రెండు సాయంత్రాలే. ఆఫీసు పని ఎక్కువగా ఉన్న నెలలో నేను అందరికీ అవే చెప్తాను.

కానీ ‘కాలాతీత వ్యక్తులు’ నా లెక్క కొంచెం మార్చింది. అది మరీ లావు పుస్తకమేమీ కాదు. అయినా అందులో ఇందిరతో గడపడానికి కావలసినంత చోటుంది. మొదట ఆమె మీద కోపం వచ్చింది. యాభై పేజీలు పోయాక జాలి, ఆ తర్వాత గౌరవం. ఆమె మంచిదో చెడ్డదో రచయిత్రి ఎక్కడా తేల్చి చెప్పదు; మనమే మన అభిప్రాయాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దుకోవాలి. అలా దిద్దుకోవడానికి పేజీలు కావాలి. 1961లో చనిపోయేనాటికి శ్రీదేవికి 32 ఏళ్లయినా నిండలేదు, రాసిన నవల ఇదొక్కటే. ఆఖరి పేజీ తిప్పాక ఆ సంగతి గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

లావు నవల ఇచ్చేది ఆ సహవాసమే, ఇంకా పెద్ద ఎత్తున. ‘వేయిపడగలు’లో సుబ్బన్నపేట అనే ఊరే ఒక పాత్ర. ధర్మారావు, అరుంధతి, గిరిక, పసరిక, ఇంకా ఎందరో. విశ్వనాథ దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెప్తుంటే తమ్ముడు రాసుకున్నారని అంటారు. నేను మాత్రం రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. రెండోసారి పెట్టిన గుర్తు కాగితం 180వ పేజీ దగ్గర ఇంకా అలాగే ఉంది. తప్పు పుస్తకానిది కాదు. వారానికోసారి యాభై పేజీలు గబగబా చదివి, మళ్ళీ ఆరు రోజులు ముట్టుకోలేదు. తెరిచేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోయేవాణ్ణి. టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’తోనూ ఇదే జరిగింది. అక్కడ ఒకే మనిషిని ఒకరు ఇంటిపేరుతో, ఒకరు తండ్రి పేరు కలిపి, ఒకరు ముద్దుపేరుతో పిలుస్తారు. నాలుగు రోజులు ఆగామంటే మళ్ళీ మొదటికే!

అందుకే ఈసారి లెక్క వేసుకున్నాను. రోజుకు 15 పేజీలు, ఒక్క రోజూ మానకుండా. వెయ్యి పేజీలంటే 67 రోజులు. అదే 15 పేజీలు ‘మైదానం’ మీద పెడితే అది వారం పది రోజులు సాగి దాని వేగమంతా చచ్చిపోతుంది. లావు నవలకు మేలు చేసే పద్ధతే సన్న నవలను పాడుచేస్తుంది. రోజూ అరగంట తీరిక ఉండేవాళ్ళు లావుది తీసుకోవాలి. వారమంతా తీరిక లేక ఆదివారం మాత్రం ఖాళీ దొరికేవాళ్ళకు సన్నవే నయం.

నాకిప్పుడు రోజూ రాత్రి అరగంట దొరుకుతోంది. కాబట్టి ‘వేయిపడగలు’కే నా ఓటు. 180 దగ్గర కాదు, మొదటి పేజీ నుంచే. వెనక అట్ట లోపలి తెల్ల కాగితం మీద పెన్సిలుతో పేర్లు, చుట్టరికాలు రాసుకోవడం మొదలుపెట్టాను. నిన్నటికి తొమ్మిది పేర్లయ్యాయి. ‘అల్పజీవి’ని మాత్రం రెండో దొంతరలో పైన పెట్టాను, ఏదైనా ఆదివారం పూర్తిగా నాదే అయితే అందులోని సుబ్బయ్య దగ్గరికి వెళ్ళొస్తాను.