రెండు హీట్ పంపులు, రెండేళ్ల పన్ను క్రెడిట్: కేరీలో మా ఇంటి అనుభవం

ముందే తీర్పు చెప్పేస్తాను. ఇంటిని వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంచే హీట్ పంపు మంచి యంత్రం. దాని మీద 2025 చివరి దాకా అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పన్ను క్రెడిట్ మంచి సాయం. ఈ రెంటినీ కలిపి అమ్మే మనిషితోనే కాస్త జాగ్రత్తగా ఉండాలి.

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాది 1990ల చివర్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ఉన్నట్టే కింది అంతస్తుకు ఒక వ్యవస్థ, పై అంతస్తుకు అటకలో మరో వ్యవస్థ. రెండూ జంటలే: వేడికి గ్యాస్ ఫర్నేసు, చల్లదనానికి ఏసీ. పైది మొరాయించడం మొదలుపెట్టాక 2023 శరదృతువులో దాన్ని తీయించి పూర్తి హీట్ పంపు పెట్టించాను. కిందిదాన్ని 2024 జనవరిలో మార్చాను. అక్కడ ఫర్నేసును అలాగే ఉంచి, బయటి ఏసీ స్థానంలో హీట్ పంపు పెట్టించాను. దీన్ని ఇక్కడ డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. చలి బాగా ముదిరితే గ్యాస్, లేకపోతే హీట్ పంపు పనిచేస్తాయి.

ఆ రెండో పని జనవరికి జరపడం వెనక చిన్న లెక్క ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టానికి ముందు ఈ క్రెడిట్ నామమాత్రమే. హీట్ పంపుకు 300 డాలర్లు, అదీ అన్నీ కలిపి జీవితకాలానికి 500 డాలర్లు మించకుండా ఇచ్చేవారు. 2023 జనవరి 1 నుంచి 30 శాతం చేశారు. హీట్ పంపుకు ఏడాదికి 2,000 డాలర్ల పరిమితి పెట్టారు. ఇన్సులేషను, కిటికీలు, తలుపులు, ఏసీ, ఫర్నేసులాంటి వాటన్నిటికీ కలిపి మరో 1,200. అన్నీ కలుపుకుంటే ఒక ఏడాదిలో అత్యధికంగా 3,200. జీవితకాల పరిమితి తీసేశారు. అంటే ఒకే ఏడాది రెండు యంత్రాలు మార్చినా 2,000 మాత్రమే వచ్చేది, రెండేళ్లలో మార్చితే 4,000 వచ్చేది. డిసెంబరులో రెండూ కలిపి చేయించుకుంటే కొంత తగ్గిస్తామని కాంట్రాక్టర్ అన్నాడు. ఆ తగ్గింపు రెండు వేలకు దరిదాపుల్లో కూడా లేదు. సంక్రాంతి అయ్యాక రమ్మన్నాను. ఏ ఏడాది బిగిస్తే ఆ ఏడాది క్రెడిట్ కిందే లెక్క. ఒప్పందం మీద సంతకం, అడ్వాన్సు ఎప్పుడు జరిగినా దానితో పని లేదు.

ఇంకో విచిత్రం చూడండి. మామూలు సెంట్రల్ ఏసీ కొంటే క్రెడిట్ 600 దాటేది కాదు, హీట్ పంపు కొంటే 2,000 దాకా వచ్చేది. లోపల చూస్తే హీట్ పంపు అంటే దాదాపుగా ఏసీయే. రిఫ్రిజిరెంట్ ప్రవాహాన్ని తిరగదిప్పే వాల్వు ఒకటి అదనం. వేసవిలో ఇంట్లో వేడిని బయటికి తోస్తుంది, చలికాలంలో బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది. ఎలాగూ ఏసీ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ వాల్వు ఉన్నది తీసుకోవడమే తెలివైన పని అని నాకు అప్పుడే అనిపించింది. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

మన దేశంలో పీఎం సూర్యఘర్ కింద ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టిస్తే రాయితీ నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, 3 కిలోవాట్లకైతే 78,000 రూపాయలు. ఇక్కడి క్రెడిట్ పద్ధతి వేరుగా ఉండేది. ఆ ఏడాది మీరు కట్టాల్సిన ఫెడరల్ (కేంద్ర) పన్నులో అంత తగ్గేది, అంతే. కట్టాల్సిన పన్నే 1,300 అయితే 1,300 తగ్గి ఆగిపోయేది. మిగిలిన 700 చేతికి ఇచ్చేవారు కాదు, మరుసటి ఏడాదికి మోసుకుపోనిచ్చేవారు కాదు. 2025 చివరి దాకా సోలార్‌కు ఉన్న మరో క్రెడిట్‌లో మాత్రం మిగులును ముందుకు తీసుకెళ్లే వీలుండేది. రెండూ ఒకే ఫారం 5695 మీద ఉండటంతో చాలామంది తికమకపడతారు. వీసా గురించి అడిగేవాళ్లకు ఒక మాట: పన్ను చట్టం దృష్టిలో రెసిడెంటుగా 1040 అనే పన్ను రిటర్ను దాఖలు చేసేవారికి హెచ్-1బీ అయినా, గ్రీన్ కార్డు అయినా తేడా ఉండేది కాదు. అద్దెకిచ్చిన ఇంట్లో యజమాని పెట్టిస్తే మాత్రం వచ్చేది కాదు. కొత్తగా కట్టిన ఇల్లు కొన్నవారికీ ఇది వచ్చేది కాదు, అక్కడ బిల్డరు తీసుకునే క్రెడిట్ వేరే ఉండేది.

30 శాతం అన్న మాట వినడానికి బాగుంటుంది. పై అంతస్తు పనికి నాకు అయింది 11,000 డాలర్లు. కరెంటు కంపెనీ 400 రిబేటు ఇచ్చింది. దాన్ని ఖర్చులోంచి తీసేసి లెక్క వేయాల్సి వచ్చింది. 10,600లో 30 శాతం 3,180, కానీ పరిమితి 2,000. అంటే నాకు నిజంగా దక్కింది పద్దెనిమిది, పంతొమ్మిది శాతం. సుమారు 6,667 డాలర్ల దగ్గరే పరిమితి నిండిపోయేది. ఆపైన ఎంత ఖరీదైన మోడల్ కొన్నా ప్రభుత్వం ఒక్క డాలరు అదనంగా ఇచ్చేది కాదు.

కొటేషన్ల దగ్గర చిరాకు పుట్టేది ఇక్కడే. ఒక సంస్థ మనిషి టాబ్లెట్ మీద అందమైన పట్టిక చూపించాడు. అందులో ఫెడరల్ క్రెడిట్‌ను ముందే తీసేసి, మీ ధర ఇంతే అని అడుగున పెద్ద అక్షరాలతో రాసుంది. నా పన్ను ఎంతో అతనికి తెలియదు. ఆ ఏడాది నేను ఇంకేం క్లెయిము చేస్తున్నానో తెలియదు. అయినా రెండు వేలు తగ్గించి చూపిస్తున్నాడు. తగ్గించకముందు ధర చూస్తే మిగతావాళ్ల కంటే ఇంచుమించు అంతే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చే సాయం నా జేబులోకి రాకముందే వాళ్ల జేబులోకి వెళ్లిపోయే ఏర్పాటు అది. ఆయనకు కాఫీ ఇచ్చి పంపించాను.

చివరికి పని ఇచ్చింది టేపు పట్టుకుని వచ్చిన మనిషికి. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో చూశాడు, అటకలోకి ఎక్కి ఇన్సులేషను మందం కొలిచాడు, గదుల కొలతలు రాసుకుని లెక్క వేశాడు. ఈ లెక్కను మాన్యువల్ జె అంటారు. పాతది 3 టన్నులు కాబట్టి కొత్తదీ 3 టన్నులే అని మిగతావాళ్లందరూ రాసిచ్చారు. ఇతను రెండున్నర చాలన్నాడు. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని తోడే శక్తి. అవసరానికి మించిన యంత్రం గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. కేరీ ఆగస్టు ఎలా ఉంటుందో విజయవాడవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఉక్కలో మా పై అంతస్తు పడకగదులు పాత యంత్రంతో చల్లగా ఉండి కూడా జిగటగా ఉండేవి. కొత్తది కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే రకం. సన్న సెగ మీద పప్పు ఉడికినట్టు రోజంతా నెమ్మదిగా నడుస్తూ తేమను లాగేస్తుంది. నా వరకు ఈ మొత్తం వ్యవహారంలో అసలైన లాభం ఇదే, పన్ను కాదు.

చలికాలం సంగతి వేరు. పై అంతస్తుది పెట్టించిన ఏడాది డిసెంబరులో మా అమ్మ, నాన్న ఇక్కడే ఉన్నారు. అమ్మ గాలి వచ్చే జాలీ మీద చెయ్యి పెట్టి, ‘ఇది వేడిగాలి కాదురా, చల్లారిన కాఫీలా ఉంది’ అంది. ఆమె మాటలో తప్పు లేదు. ఫర్నేసు నుంచి గాలి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే వస్తుంది, హీట్ పంపు నుంచి వచ్చేది 90, 100 మధ్య ఉంటుంది. మన ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చేతికి వెచ్చగా అనిపించదు. గది మాత్రం 70 దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఆమెకు అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది.

ఒకరోజు పొద్దున్నే మంచు పేరుకుని ఉండగా బయటి యూనిట్ నుంచి తెల్లగా పొగ లేచింది. లోపల ఏదో బుస్సుమన్న చప్పుడు కూడా. నాన్న చొక్కా కూడా వేసుకోకుండా వచ్చి, కాలిపోతోందని కేకేశారు. అది పొగ కాదు, ఆవిరి. బయటి కాయిల్ మీద పట్టిన మంచును కరిగించడానికి యంత్రం కాసేపు తనంతట తాను ఏసీలా తిరగబడుతుంది. దీన్ని డిఫ్రాస్ట్ అంటారు. కాసేపట్లో సర్దుకుంటుంది. పెట్టించుకున్నవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచడం మంచిది.

థర్మోస్టాట్ విషయంలో ఫర్నేసు రోజుల అలవాటు మానుకోవాలి. రాత్రి బాగా తగ్గించి పొద్దున ఒక్కసారిగా పెంచితే తెర మీద ‘ఆక్స్ హీట్’ అని వెలుగుతుంది. అంటే పంపుకు సాయంగా లోపలున్న, వేడి పుట్టించే విద్యుత్ తీగలు పనిచేస్తున్నాయని అర్థం. ఆ తీగలు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. పంపు అయితే మామూలు చలిలో అదే కరెంటుకు రెండు నుంచి మూడు రెట్లు ఇస్తుంది. ఒకే అంకె మీద పెట్టి వదిలేయండి. కింది అంతస్తులో గ్యాస్‌కు మారే బయటి ఉష్ణోగ్రతను 35 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టించాను. ఐస్ తుపానులో కరెంటు పోతే గ్యాస్ ఉందిగా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫర్నేసులో గాలి తోసే ఫ్యానుకూ కరెంటే కావాలి.

బిల్లుల గురించి ఆశలు పెంచను. గ్యాస్ బిల్లు చలికాలంలో బాగా తగ్గింది, కరెంటు బిల్లు పెరిగింది, రెండూ కలిపి చూస్తే మిగిలింది కొద్దే. వేసవిలో మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. గ్యాస్ చవకగా దొరికే చోట హీట్ పంపు ఇంటి ఖర్చును సగం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రొపేన్‌తోనో, ఉత్త విద్యుత్ తీగలతోనో వేడి చేసుకుంటున్న ఇల్లయితే లెక్క పూర్తిగా మారుతుంది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. క్రెడిట్‌కు ఎనర్జీ స్టార్ ముద్ర (కరెంటు ఆదా చేసే యంత్రాలకిచ్చే ప్రభుత్వ గుర్తు) ఒక్కటే చూసి కొంటే సరిపోయేది కాదు. సీఈఈ అనే సంస్థ పెట్టిన పై శ్రేణి సామర్థ్యాన్ని యంత్రం అందుకోవాల్సి ఉండేది. బయటి యూనిట్, లోపలి కాయిల్ జంటకు కలిపి సామర్థ్యాన్ని ధ్రువీకరిస్తూ ఇచ్చే ఏహెచ్ఆర్ఐ పత్రం అడిగి తీసుకోవాల్సి వచ్చేది. బయటి పెట్టె ఒక్కటే మంచిదైతే సరిపోయేది కాదు. కింది అంతస్తు పనిలో నాకు మొదట ఇచ్చిన పత్రం మీద కాయిల్ నంబరు వేరు, బిగించిన కాయిల్ నంబరు వేరు. టార్చి వేసుకుని నంబర్లు సరిచూశాను కాబట్టి దొరికింది. వారం తిరక్కుండా సరైన పత్రం పంపించారు. ఈ పత్రాలు పన్ను వసూలు చేసే శాఖ ఐఆర్ఎస్‌కు పంపనక్కర్లేదు, రసీదుతో కలిపి దాచుకుంటే చాలు. హీట్ పంపుకు కూలి ఖర్చు కూడా లెక్కలోకి వచ్చేది. అటకలో వేయించిన ఇన్సులేషనుకు మాత్రం సామాను ధరే, కూలి వచ్చేది కాదు. అందుకే బిల్లులో ఆ రెండూ విడిగా రాయించుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు వార్త. 2032 దాకా ఉంటుందన్న ఈ క్రెడిట్‌ను 2025 జులై 4న సంతకమైన చట్టం ముందే ఆపేసింది. 2025 డిసెంబరు 31 తర్వాత బిగించినవాటికి రాదు. ఆ డిసెంబరులో ఒప్పందం రాసుకుని జనవరిలో పని చేయించుకున్న మిత్రుడికి చేతికి ఏమీ రాలేదు. 2025లో పూర్తయినవారు ఫారంలో తయారీదారు నాలుగు అక్షరాల గుర్తింపు కోడ్ కూడా రాయాలి. ముందు సంవత్సరాలకు అది అక్కర్లేదు. 2023లో పెట్టించి క్లెయిము చేయని వారుంటే 1040-ఎక్స్ అనే సవరణ రిటర్నుతో సవరించుకోవచ్చు. గడువుకు ముందే దాఖలు చేసినవారికి 2027 ఏప్రిల్ 15 వరకు సమయం ఉంది. రాష్ట్రాలు నడిపే రిబేటు పథకాల్లో హీట్ పంపుకు గరిష్టంగా 8,000 డాలర్ల వరకు ఇస్తారు. అయితే కుటుంబ ఆదాయం ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 150 శాతం లోపు ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే ఆ గీత దాటిపోయే అవకాశమే ఎక్కువ.

క్రెడిట్ లేకుండా మళ్లీ కొంటానా అని మా బావమరిది అడిగాడు. పై అంతస్తుదైతే కళ్లు మూసుకుని కొంటాను. కిందిది మాత్రం పాత ఏసీ కంప్రెసర్ పోయేదాకా ఆగేవాణ్ణి. రెండు వేలు రాకపోతే దాన్ని అంత తొందరగా మార్చాల్సిన అవసరమే లేదు.